భూకంపానికి ఫిట్టింగు ఉచితం

మేడిశెట్టి తాతబ్బాయి దగ్గర హోమ్ థియేటర్ కొనడం కన్నా పాస్‌పోర్టు తెచ్చుకోవడం తేలికని కంచిరేవు బజారులో చెప్పుకునేవారు. పాస్‌పోర్టుకైతే పోలీసు ఒక్కసారే ఇంటికొచ్చి చూసి వెళతాడు. తాతబ్బాయి కొనకముందు ఒకసారి, కొన్నాక ఒకసారి, ఎవరూ పిలవకపోయినా మరోసారి వచ్చేవాడు.

కొట్టులోకి అడుగుపెట్టిన మనిషి "మంచి స్పీకర్లు చూపించండి" అంటే అతను చూపించడు. కూర్చోబెట్టి విచారణ మొదలుపెడతాడు.

"గది ఎంత పొడుగండి? కింద గచ్చా, టైల్సా? సోఫా గోడకి ఆనించారా, ఎడం వదిలారా? పక్క వాటాలో ఎవరుంటారు? వాళ్ళకి చంటిపిల్లలున్నారా?"

కొందరు ఓపిగ్గా చెప్పేవారు. కొందరు "మాకు స్పీకర్లు అమ్ముతారా, మా ఇల్లు కొంటారా?" అని లేచిపోయేవారు. లేచిపోయిన వాళ్ళ గురించి తాతబ్బాయి బెంగపెట్టుకునేవాడు కాదు. చిన్న గదికి పెద్ద పెట్టె అంటగట్టి ఆ ఇంటిల్లిపాది ఉసురు పోసుకోవడం అతనికి ఇష్టం లేదు.

అమ్మాక ఇంకా కష్టం. ఊళ్ళో వాళ్ళు అయిదు స్పీకర్లనీ షోకేసులో బొమ్మల కొలువు పెట్టినట్టు ఒకే వరసలో పేర్చేవారు. సబ్‌వూఫర్ మీద ఊలు అల్లిక గుడ్డ పరిచి, దానిమీద ప్లాస్టిక్ పూలకుండీ, పక్కన వినాయకుడు. వాస్తు సిద్ధాంతి నైరుతిలో బరువుండాలన్నాడని సబ్‌వూఫరూ, ఫ్రిజ్జూ, బియ్యం డబ్బా ఒకే మూలలో కుక్కేవారు. సబ్‌వూఫరంటే అడుగు శబ్దాన్ని, అంటే బేసుని, పలికించే పెట్టె. అది చెవికన్నా ముందు పొట్టకి తెలుస్తుంది. దాన్ని మూలకి నెడితే శబ్దం మూడింతలై ఇల్లంతా డబడబలాడుతుంది. తాతబ్బాయి వెళ్ళి వినాయకుడికి దణ్ణం పెట్టి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, పెట్టెని మూలనుంచి ఇవతలకి లాగి వచ్చేవాడు. సాయంత్రానికల్లా వాళ్ళు మళ్ళీ మూలకి తోసేవారు.

కొట్టు గోడ మీద అతనే స్వయంగా మూడు వాక్యాలు రాయించాడు: గదిని చూసి కొనండి. గోడను చూసి పెట్టండి. పక్కింటివారిని చూసి వాయించండి.

ఇన్ని నీతులు చెప్పే మనిషి సొంత కొట్టులో మాత్రం సబ్‌వూఫర్ని వెనక గోడ మూలలోనే పెట్టాడు. ఎందుకంటే చొక్కా గుండీలు వణికితే తప్ప కంచిరేవు మనిషి జేబులోకి చెయ్యి పెట్టడు. వ్యాపారమన్నాక ఒక్క పాపమైనా చెయ్యకపోతే ఎలాగని అతను సర్దిచెప్పుకున్నాడు.

ఆ వెనక గది అతని ప్రాణం. గోడలకి గోనె పట్టాలూ, వాటిమీద మందపాటి రగ్గులూ తనే కొట్టుకున్నాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, నడిమధ్య ఒకే ఒక్క పేము కుర్చీ. అయిదు వైపుల శబ్దమూ సరిగ్గా ఆ కుర్చీలో కూర్చున్నవాడి దగ్గరే కలుసుకుంటుంది. గిరాకీ లేనప్పుడు అతనే అందులో కూర్చుని, గోదావరి వంతెన కింద పడవలో నిలబడి తాను రికార్డు చేసుకొచ్చిన రైలు చప్పుడు పెట్టుకునేవాడు. రైలు ఎడమ చెవి దగ్గర మొదలై, నెత్తిమీదుగా దడదడలాడుతూ కుడివైపు దూరంగా వెళ్ళిపోయేది. అది వెళ్ళిపోయాక కింద నీళ్ళ సవ్వడి వినిపించేది. ఆ నీళ్ళ కోసమే అతను అంత రైలునీ వినేవాడు.

"ఆ కుర్చీ లేకపోతే మీరు సన్యాసంలో కలుస్తారు," అనేది భార్య భూలక్ష్మి. కొట్టు లెక్కలన్నీ ఆమెవే.

ఇంతకీ పక్కింట్లో ఎవరున్నారో తాతబ్బాయి ఎన్నడూ చూడలేదు. ఆ గది వెనక గోడకి అవతల 'భూప్రకంపనల పరిశీలనా ఉపకేంద్రం' అని వెలిసిపోయిన బోర్డు ఉండేది. అది పొలాల సర్వే ఆఫీసనుకుని జనం గట్టు తగాదాలు తెచ్చేవారు. లోపల ఒక యంత్రం, కాగితపు చుట్ట మీద గీత గీసే దాని ముల్లు, ఆ ముల్లుని చూస్తూ సహాయ సంచాలకులు గంటి అనంతపద్మనాభం గారు ఉండేవారు. ఆయన వచ్చిన నాటినుంచి ఆ గీత చెక్కు చెదరలేదు.

ఒకరోజు ఆయన చెప్పులు కూడా లేకుండా కొట్టులోకి పరుగెత్తుకొచ్చారు.

"నిన్న సాయంత్రం తమరు ఏం చేశారు?"

తాతబ్బాయి చేతిలో పని వదిలేసి లేచాడు. "నిన్ననే వచ్చిన పెద్ద పెట్టెతో తణుకు పార్టీకి డెమో ఇచ్చానండి. సౌండు ఎక్కువైతే తగ్గించేస్తానండి, ఆయ్."

"తగ్గించవద్దు!" అని కేక పెట్టి, ఆయన వెంటనే స్వరం సవరించుకున్నారు. "అనగా, తగ్గించే విషయమై తొందరపాటు నిర్ణయం తీసుకోవద్దని మనవి. నేను అటు వెళ్ళి ముల్లు దగ్గర కూర్చుంటాను. తమరు నిన్నటిదే మళ్ళీ చేయండి."

తాతబ్బాయి రైలు పెట్టాడు. అది వంతెన దిగేలోగా గోడ అవతల్నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అనంతపద్మనాభం గారు చెమటలు కక్కుతూ తిరిగొచ్చి ఉన్న సంగతి చెప్పారు. ప్రకంపనలు లేని ఉపకేంద్రాలను ఎత్తివేస్తున్నారు. ఆయన్ని ఎక్కడికి పంపుతారో తెలియదు. నిన్న సాయంత్రం ముల్లు ఊగింది.

"కానీ సార్, అది నా సబ్‌వూఫర్ కదండీ! అబద్ధం అవదూ?"

"నేను ఉద్యోగంలో చేరిన నాటినుంచి అబద్ధం రాయలేదు," అన్నారు ఆయన నొచ్చుకుని. "మా ప్రొఫార్మాలో సమయం, తీవ్రత, వ్యవధి అనే మూడే కాలమ్స్ ఉన్నాయి. కారణం అనే కాలమ్ లేదు. లేని కాలమ్‌లో అబద్ధం ఎలా రాస్తానండీ?"

తాతబ్బాయి ఆ మూడు కాలమ్స్‌నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"తమ ఎదుట రెండు మార్గాలున్నాయి," అన్నారు ఆయన. "గోడ దాటి వచ్చింది శబ్దమైన పక్షంలో తమ గదిని సీలు చేయవలసి ఉంటుంది. అదే ప్రకంపన అయిన పక్షంలో సదరు గదిని సంరక్షించవలసి ఉంటుంది. తమరిది శబ్దమా, ప్రకంపనా?"

తాతబ్బాయి పేము కుర్చీ వంక చూశాడు. "ప్రకంపనేనండి," అన్నాడు.

మూడోనాటికి రాజధాని నుంచి అభినందనలొచ్చాయి. కంచిరేవుని రెండో స్థాయి ప్రకంపన ప్రాంతంగా గుర్తించారు. కొట్టు ముందు ఎర్ర బోర్డు పాతారు: 'ఇది భూకంప కేంద్రస్థానం. ఇక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలబడరాదు.' తాతబ్బాయి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రైలు పెట్టాలి. అనంతపద్మనాభం గారు గోడకి అవతల ముల్లు దగ్గర కూర్చుంటారు. ఆయన ఇటువైపు ఎప్పుడూ ఉండరు గనక అది రైలని ఆయనకి తెలియదు, అడగనూ లేదు.

మొదట్లో తాతబ్బాయికి గొప్పగానే ఉంది. బోర్డు చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపలికి కూడా వచ్చేవారు. భీమవరం నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చి, విని, చొక్కా వణికి, ఆ డెమో సెట్టే కావాలని పట్టుబట్టాడు. బేరం కుదిరి పెట్టె వ్యానెక్కుతుండగా అనంతపద్మనాభం గారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు.

"భూకంప కేంద్రస్థానాన్ని జిల్లా దాటించే అధికారం తమకు లేదు!"

"ఇది స్పీకరండి బాబూ!" అన్నాడు డాక్టరు.

"నిన్నటి వరకు," అన్నారు అనంతపద్మనాభం గారు.

ఇంతలో ఆ వీధి వీధంతా బాధిత ప్రాంతమైంది. సహాయ విభాగం వాళ్ళు ఇంటింటికీ పాతిక కిలోల బియ్యం, ఒక నీలం టార్పాలిన్ ఇచ్చి వెళ్ళారు. టార్పాలిన్ చూడగానే మిగతా వీధుల్లో అసలు కంపం మొదలైంది. కొప్పిశెట్టి వెంకాయమ్మ అనే పెద్దావిడ నాయకత్వంలో జనం మున్సిపల్ ఆఫీసు ముందు బైఠాయించారు. ఆవిడ చేతిలోని అట్టమీద 'మా వీధికీ భూకంపం కావాలి' అని రాసుంది.

"పన్ను అందరం కట్టట్లేదా? ఊగడం మాత్రం వాళ్ళ ఒక్కళ్ళదేనా?" అని వెంకాయమ్మ నిలదీసింది. "మా వీధి భూమి భూమి కాదా, పిండా?"

దీనిమీద రాజధానిలో చర్చ జరిగింది. ప్రత్యేక కమిషనర్ చక్రపాణి గారు స్వయంగా 'ప్రకంపన వికేంద్రీకరణ పథకం' రూపొందించారు. దాని ప్రకారం అధీకృత సబ్‌వూఫర్ కొన్న ప్రతి ఇల్లూ ఒక ఉపకేంద్రస్థానం. కొన్నవారికి ధ్రువీకరణ సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య మీద సహాయం అందుతుంది. అధీకృత విక్రేత మేడిశెట్టి తాతబ్బాయి.

మర్నాటినుంచి కొట్టు ముందు రేషన్ షాపంత వరస. గది పొడుగెంతని అడిగితే జనం కోప్పడ్డారు. స్పీకర్లు ఎవరికీ అక్కర్లేదు, సబ్‌వూఫర్ ఒక్కటీ చాలు. పప్పూ కూరా లేకుండా వట్టి ఇంగువ అమ్ముతున్నట్టుంది తాతబ్బాయికి. భూలక్ష్మి మాత్రం బల్ల మీద అట్ట తిప్పి, చక్కటి దస్తూరీతో 'భూకంపానికి ఫిట్టింగు ఉచితం' అని రాసి బయట వేలాడదీసింది.

"ఏంటే ఇది?"

"ఏముందీ, మీరెలాగూ డబ్బు పుచ్చుకోరుగా. రాస్తే కనీసం పేరన్నా వస్తుంది."

ఫిట్టింగుకీ నియమాలు వచ్చాయి. పెట్టెని విధిగా మూలలో, పక్కింటి గోడకి ఆనించి పెట్టాలి. ఎడం వదిలితే సంఖ్య రద్దు. ఏళ్ళ తరబడి ఏ మూలల్లోంచైతే లాగాడో, ఆ మూలల్లోకే తాతబ్బాయి తన చేతుల్తో సబ్‌వూఫర్లు తోసుకుంటూ ఊరంతా తిరిగాడు. 

వెంకాయమ్మ ఇంట్లో టీవీయే లేదు.

"మరి దీన్ని దేనికి తగిలించనండీ?"

"టీవీ ఎందుకయ్యా? ఇందులో చూసేదేముంది, ఊగడమేగా!"

పాత రేడియోకి తగిలించి వచ్చాడు. అప్పట్నుంచి మార్కెట్ ధరల్లో వంకాయల వంతు వచ్చినప్పుడల్లా ఆవిడ గోడమీది పటాలు దడదడలాడేవి. ఆవిడ పెట్టె మీద ఊలు గుడ్డ పరిచింది, దానిమీద వినాయకుణ్ణి కూడా పెట్టింది. ఆయన ఊగి ఊగి రోజుకోసారి తూర్పుకి తిరిగిపోయేవాడు. సాక్షాత్తూ దేవుడే స్థానం మార్చుకుంటున్నాడని నలుగురూ వచ్చి కొబ్బరికాయలు కొట్టారు.

ఊళ్ళో ఒక్కరికీ నిద్ర లేదు. కానీ అందరి అటకల మీదా టార్పాలిన్లున్నాయి.

పథకం ఇంత బాగా సాగుతోందని చూడ్డానికి ప్రత్యేక కమిషనర్ చక్రపాణి గారే వచ్చారు. ఆయన వెనక గదిలో అయిదు స్పీకర్లనీ చూసి కనుబొమ్మలు ముడిచారు.

"ఇవి ఎంత ప్రకంపన ఇస్తాయి?"

"ప్రకంపన ఇవ్వవండి. ఇవి పాటా మాటా పలుకుతాయి. పెద్ద పెట్టె ఇచ్చేది అడుగు శబ్దం ఒక్కటేనండి. ఇవి లేకపోతే అది ఒంటరిదండి."

"అనగా ప్రకంపన రహిత పరికరములు," అన్నారు కమిషనర్ గారు. "ప్రభుత్వ కేంద్రస్థానములో నిరుపయోగముగా స్థలము ఆక్రమించుచున్నవి. వీటిని తొలగించి, ఈ గదిని పథకం నియంత్రణ గదిగా స్వాధీనపరచుకొనవలెను. ఆ కుర్చీ దేనికి?"

"వినడానికండి."

"ఎవరు?"

"ఎవరైనా సరేనండి. తమరొక్కసారి కూర్చోండి, అర నిమిషం. విన్నాక తీసెయ్యమంటే నేనే తీసేస్తాను." తాతబ్బాయి కుర్చీని చేత్తో తుడిచాడు.

"నేను విననవసరం లేదు. నివేదికలు చూచియున్నాను," అన్నారు చక్రపాణి గారు.

వెళుతూ వెళుతూ ఆయన మరో సంస్కరణ చేశారు. వెంకాయమ్మ పక్కింటివాళ్ళు సబ్‌వూఫర్ కొనకుండా పిండి గ్రైండర్ని గోడకి ఆనించి సహాయం బియ్యం కొట్టేస్తున్నారని ఆయన దృష్టికి వచ్చింది. ఇలాంటి అనధికార ప్రకంపనలను అరికట్టడానికి ప్రొఫార్మాలో నాలుగో కాలమ్ చేర్చారు. అందులో కారక పరికరమూ, దాని ధ్రువీకరణ సంఖ్యా రాయాలి. ఆ సంఖ్య లేని భూకంపం ఇకమీదట భూకంపం కాదు.

గది అప్పగించడానికి వారం గడువిచ్చారు. అప్పట్నుంచి తాతబ్బాయి అన్నం సరిగా తినలేదు. ఆ రోజుల్లో భూలక్ష్మి సన్యాసం మాట ఎత్తలేదు.

గడువింకా ఉండగానే ఒక మధ్యాహ్నం తీగలు మార్చడానికని ఊరంతా కరెంటు తీశారు. సబ్‌వూఫర్లన్నీ ఆగిపోయాయి. చాలాకాలం తర్వాత కంచిరేవు నిశ్శబ్దంగా ఉంది. తాతబ్బాయి ఇన్వర్టర్ కూడా ఆపేసి చీకటి గదిలో పేము కుర్చీలో కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని వింటున్నాడు. అంతలో కుర్చీ తనంతట తనే పక్కకి జరిగింది. వీధిలో స్టీలు సామాన్ల కొట్టు మొత్తం ఒక్కసారిగా మోగింది. కుక్కలు అరిచాయి. రగ్గులతో, గోనె పట్టాలతో సహా వెనక గోడ నెమ్మదిగా వంగి అవతలకి కూలిపోయింది.

దుమ్ము తగ్గాక అవతల బల్ల దగ్గర అనంతపద్మనాభం గారు కనబడ్డారు. బ్యాటరీ మీద నడిచే యంత్రం ముల్లు ఇంకా పిచ్చిగా ఊగుతోంది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అద్భుతం! ఏం వాయించారండీ?"

"కరెంటు లేదండి," అన్నాడు తాతబ్బాయి.

ఆయన ముఖం పాలిపోయింది. ముల్లు వంక, తాతబ్బాయి వంక, కూలిన గోడ వంక చూశారు.

"అయితే ఇది ఎవరిది?"

ఊళ్ళో చాలా గోడలు బీటలిచ్చాయి. వెంకాయమ్మ వంటిల్లు కూలింది. ఆవిడ ఆ సమయానికి వీధరుగు మీద వడియాలు పెట్టుకుంటోంది గనక బతికింది. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. జనం ఈసారి అట్టలు పట్టుకోకుండా, ఏడుస్తూ ఉపకేంద్రం ముందు నిలబడ్డారు.

సాయంత్రానికల్లా వచ్చిన కమిషనర్ చక్రపాణి గారు కారు దిగకుండానే కాగితాలు చూశారు. "సదరు సమయంలో పట్టణంలో విద్యుత్ సరఫరా లేదు. అధీకృత పరికరములేవీ పనిచేయలేదు. నాలుగో కాలమ్ ఖాళీగా ఉన్నది. కావున భూకంపం సంభవించలేదు. గోడలు తమంతట తాము పడినవి. అనుమతి లేకుండా గోడలు పడగొట్టుకున్నందుకు యజమానులపై చర్య తీసుకొనవలెను."

"నా వంటిల్లు కళ్ళముందు పడిపోతే జరగలేదంటాడేంటి ఈయన?" అంది వెంకాయమ్మ. వంకాయల ధరకి పటాలు ఊగినప్పుడు ఇదే ఆఫీసు ఆవిడకి బియ్యం ఇచ్చింది.

కమిషనర్ గారు కనికరించి ఒక మార్గం చెప్పారు. తాతబ్బాయికి ఇన్వర్టర్ ఉంది కదా. దానిమీద తానే ఆ సమయంలో పరికరాన్ని పరిమితికి మించి మోగించానని సంతకం చేస్తే నాలుగో కాలమ్ నిండుతుంది, భూకంపం జరిగినట్టవుతుంది, ఊరందరికీ సహాయం అందుతుంది. పరిమితి మీరినందుకు తాతబ్బాయి గది మాత్రం శాశ్వతంగా సీలవుతుంది. తాను చేసిన భూకంపానికి తానే సహాయం అడగకూడదు గనక అతని గోడ అలాగే ఉంటుంది.

జనమంతా తాతబ్బాయి వైపు తిరిగారు. వెంకాయమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్క సంతకం నాయనా. నువ్వు చేశావని మేమెవరం అనుకోం. కాగితం మీదేగా!"

తాతబ్బాయికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్ళందరి ఇళ్ళల్లో ఆ పెట్టెల్ని మూలలకి తోసింది తనే. గోడలు పగుళ్ళిచ్చేలా నెలల తరబడి ఊపిందీ తనే. ఇప్పుడు కుదరదనడానికి నోరెలా వస్తుంది? "రేపు పొద్దున్న చేస్తానండి," అన్నాడు. "ఈ పూటకి నా గదిలో నన్ను కూర్చోనివ్వండి."

కరెంటు వచ్చింది. తాతబ్బాయి ఇటుకలు పక్కకి నెట్టి, స్పీకర్లని తుడిచి, సబ్‌వూఫర్ని దుమ్ములోంచి తీశాడు. మూలే లేదు గనక దాన్ని మూలలో పెట్టే పని లేదు. ముందు స్పీకర్ల పక్కన, గోడకి ఎడంగా, అతను అందరికీ చెప్పే చోట పెట్టాడు. రైలు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

కూలిన గోడ దాటుకుని అనంతపద్మనాభం గారు వచ్చారు. "ముల్లు కదలట్లేదండీ!" అన్నారు కంగారుగా.

"కదలదు సార్. ఇప్పుడు సరిగ్గా పెట్టాను."

ఆయన ఇంకేదో అనబోయి ఆగిపోయారు. తల ఎడమకి తిప్పారు, పైకెత్తారు, కుడికి తిప్పారు. తాతబ్బాయి లేచి ఆయన్ని పేము కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. రైలు వచ్చింది, వెళ్ళింది. నీళ్ళు వినిపించాయి.

"ఇందులో రైలుందా?" అన్నారు అనంతపద్మనాభం గారు. "ఇన్ని నెలలూ నేను రాసిందంతా రైలేనా?"

"రైలేనండి. మన గోదావరి వంతెన మీదిది."

ఆయన కళ్ళు తుడుచుకుని లేచారు. గోడ దాటి తన బల్ల దగ్గరికి వెళ్ళి, కలం మూత తీసి, ఖాళీగా ఉన్న నాలుగో కాలమ్‌లో స్పష్టంగా రాశారు. 'కారక పరికరం: వంతెన మీద రైలు. ధ్రువీకరణ సంఖ్య: సంబంధిత శాఖ నుండి రావలసి ఉన్నది.'

"కానీ సార్," అన్నాడు తాతబ్బాయి, "మధ్యాహ్నం ఊగింది భూమేనండి."

"భూమికి ధ్రువీకరణ సంఖ్య ఎవరిస్తారండీ?" అన్నారు ఆయన. "నేను చెవులారా విన్నదే రాశాను. పైగా రైలుకి మన ఊరి కరెంటుతో పనిలేదు."

పొద్దున్నే ఆ కాగితం చూసి కమిషనర్ చక్రపాణి గారు ఎంతో సంతోషించారు. కేంద్రస్థానం ఒక చిల్లర కొట్టులో కన్నా ఒక పెద్ద వంతెన మీద ఉండడం శాఖ గౌరవానికి తగినట్టుంది. భూకంపం జరిగిందని ఒప్పుకున్నారు. వెంకాయమ్మకి వంటిల్లు మంజూరైంది. తాతబ్బాయి ఇప్పుడు నేరస్థుడు కాడు, మామూలు బాధితుడు గనక అతని గోడా మంజూరైంది. గది స్వాధీనం ఆదేశం రద్దయింది. ఊళ్ళోని సబ్‌వూఫర్ల సంఖ్యలన్నీ రద్దు చేసి, రైళ్ళు నడిపేవాళ్ళకి నోటీసు పంపారు. ఎర్ర బోర్డుని పీకి తీసుకెళ్ళి వంతెన మొదట్లో పాతారు. ఇక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలబడరాదని రాసిన ఆ బోర్డు కిందే గూడ్సు బళ్ళు సిగ్నలు కోసం గంటల తరబడి నిలబడుతున్నాయి.

ముల్లు బల్లని కూడా వంతెన దగ్గరికే మార్చారు. అనంతపద్మనాభం గారు డ్యూటీ అవగానే సైకిలెక్కి కొట్టుకొచ్చి, కుర్చీ ఖాళీ ఉందా అని అడుగుతారు. పగలంతా అసలు రైలే వింటారు కదా సార్ అంటే, అక్కడ నీళ్ళు వినబడవంటారు. 'భూకంపానికి ఫిట్టింగు ఉచితం' అట్టలోంచి భూలక్ష్మి మొదటి మాట కొట్టేసి మిగతాది ఉంచేసింది.

కొత్త గోడ తడారాక భీమవరం పళ్ళ డాక్టరు మళ్ళీ వచ్చాడు. తాతబ్బాయి గది పొడుగూ, సోఫా సంగతీ, పక్క వాటా వాళ్ళ సంగతీ అడిగి, కూర్చోబెట్టి రైలు పెట్టాడు. డాక్టరు కాసేపు విని చొక్కా గుండీల వంక చూసుకున్నాడు.

"ఇదివరకట్లా ఏమీ ఊగట్లేదేంటండీ?"

"ఊగాలంటే వంతెన దగ్గరికెళ్ళండి బాబూ," అన్నాడు తాతబ్బాయి. "ఇక్కడ వినడమే."